మైకమ్మ ఇంటిబడి

మైకమ్మ ముఖం ఎరగని వాళ్లు ఆ ఊళ్లో ఉండవచ్చు గానీ, ఆమె గొంతు ఎరగని వాళ్లు మాత్రం లేరు. పెళ్లికి ముందు నుంచీ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యంగా వస్తుందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ కౌంటరు దగ్గర ముక్కు చీదుతున్నాడో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ పేరు ప్రయాణికులు పెట్టిందే. కొన్నాళ్లకు మొగుడు కూడా అసలు పేరు మర్చిపోయాడు.

ఒకరోజు పై అధికారులు వచ్చి, నీ గొంతు బంగారమమ్మా, ఇది కలకాలం నిలిచిపోవాలి అన్నారు. ఆమె ఉబ్బితబ్బిబ్బయి, గాజు తలుపుల గదిలో కూర్చుని ఊళ్ల పేర్లూ, అంకెలూ, వేళలూ, క్షమాపణలూ అన్నీ విడివిడిగా చదివి రికార్డు చేయించింది. పని పూర్తయ్యాక చేతిలో ఒక పూలగుత్తి పెట్టి, రేపటి నుంచి మీరు రానక్కర్లేదన్నారు. ఆమె వేలితో ఆమె కన్నే పొడిపించారన్నమాట. ఇప్పటికీ ఆ బస్టాండులో మోగేది ఆమె గొంతే. ఉద్యోగం మాత్రం మిషనుది.

అంత గొంతు పెట్టుకుని మనిషి ఇంట్లో ఊరికే ఎలా కూర్చుంటుంది? మొగుడు కళ్లజోళ్ల షాపులో పొద్దస్తమానం అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చాక కళ్లు మూసుకుని కూర్చునే రకం. ఇక మిగిలింది కూతురు. ఆ పిల్లకు రోజూ పొద్దున బడి వేళకు కడుపునొప్పి వచ్చేది, బడి బస్సు వెళ్లిపోగానే తగ్గేది. బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకునే వాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారని మైకమ్మ ఎక్కడో వింది. విన్నదే తడవుగా పిల్లను పిలిచి, ఇక నుంచి నీ బడి మనింట్లోనే అంది.

"అయితే రోజంతా నీ దగ్గరే ఉండొచ్చా?" అంది పిల్ల.

"రోజంతా నా దగ్గరే."

పిల్ల సోఫా మీదెక్కి గంతులేసింది. కడుపునొప్పి మళ్లీ రాలేదు.

ఆరంభశూరత్వమని అందరూ అనుకున్నారు గానీ మైకమ్మ అలాంటి మనిషి కాదు. చేస్తే చివరికంటా చేస్తుంది, ఎదుటివాళ్ల ఓపిక అయిపోయాక కూడా చేస్తుంది. ముందుగది సోఫా గోడకు పోయింది, భోజనాల బల్ల బెంచీ అయింది, ఫ్రిజ్జు తలుపు నల్లబల్ల అయింది. పొద్దున పళ్లెం మీద గరిటెతో కొడితే బడి మొదలు, సాయంత్రం మళ్లీ కొడితే ముగింపు. ఆ రెండు మోతల నడుమ ఆమెను "అమ్మా" అనకూడదు, "టీచర్" అనాలి. ఆరంభంలో పిల్ల పొరపాటున అమ్మా అనేది. అమ్మ ఎవరు, ఇక్కడ అమ్మ లేదే అని మైకమ్మ అటూ ఇటూ వెతికి చూపించేది. తను సరదాగా చేస్తున్నాననే అనుకుంది. కొన్నాళ్లకు పిల్ల పొరపాటు చేయడం మానేసింది.

ఇంకో నియమం కూడా ఉంది. బయటికి వెళ్లొచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి, ఇవాళ ఏం నేర్చుకున్నారో ఒక్క మాట చెప్పాలి. చెప్పాకే చెప్పులు విప్పడం. కళ్లజోళ్లాయన పాలప్యాకెట్టు తేవడానికి వీధి చివరికి వెళ్లొచ్చినా ఇదే శిక్ష. పాలప్యాకెట్టు గురించి ఒక మనిషి ఎన్నాళ్లని నేర్చుకుంటాడు? ఆయన అబద్ధాలు చెప్పడం నేర్చుకున్నాడు.

కుక్క సంగతి చెప్పకపోతే ఆ బడి గురించి చెప్పినట్టే కాదు. గోధుమరంగు కుక్క, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. పిల్ల కోసం తండ్రి తెచ్చాడు. పేరు పెట్టబోతుంటే మైకమ్మ అడ్డుకుంది. కుక్కకు ఒకే పేరు పెడితే పిల్లకు ఒకే మాట వస్తుంది, వారానికో పేరు పెడితే పర్యాయపదాలన్నీ వస్తాయి కదా అంది. అలా ఒక వారం అది శునకం, ఒక వారం జాగిలం, మరో వారం గ్రామసింహం. కళ్లజోళ్లాయన పొద్దున లేవగానే ఈ వారం దీన్నేమనాలి అని పిల్లను గుసగుసగా అడిగి తెలుసుకునేవాడు. తప్పు పిలిస్తే ఆయనకు పదిసార్లు రాయమని శిక్ష పడేది. కుక్క మాత్రం ఈ గొడవ మనకెందుకని, ఎవరు ఏమని పిలిచినా తల తిప్పడం మానేసింది.

అయితే ఒక రహస్యం ఉంది. మధ్యాహ్నాలు పిల్ల ముందుగదిలో ఎక్కాలు రాసుకుంటుంటే కుక్క మెల్లగా వంటింట్లోకి వచ్చేది. మైకమ్మ ఒక బిస్కెట్టు ముక్క కింద పెట్టేది. అది ముందుకాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, ముక్కను మధ్యలో పట్టుకుని కొరుక్కుతినేది. అది చూస్తే మైకమ్మకు గొంతు దానంతటదే చిన్నదైపోయి, "ఉడతమ్మా" అనేది. "తిను ఉడతమ్మా, ఎవరికీ చెప్పకు." కుక్క తోక నేలకేసి కొట్టేది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. టీచర్లకు ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఈ బడి ఇలా సాగుతుండగా ఆడపడుచు దిగింది. కళ్లజోళ్లాయన అక్క, ఒక పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఇంట్లోకి వస్తే ఫ్యాను కూడా సర్దుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది. వచ్చీ రాగానే ఫ్రిజ్జు తలుపు మీది రాతలు చదివి, వేలితో సుద్దపొడి తుడిచి చూసుకుంది.

"చూడమ్మా, మా బడిలో సీటొకటి ఆపి ఉంచాను. రేపటి నుంచి కొత్త తరగతులు. పిల్లను నాతో పంపు."

"మా బడి బాగానే నడుస్తోంది వదినా," అంది మైకమ్మ.

"నడుస్తోందో పాకుతోందో నేను చూడాలిగా. ఇవాళ మీతోనే ఉంటాను. పిల్ల నిజంగా నేర్చుకుంటోందని నాకు అనిపిస్తే మళ్లీ ఈ మాట ఎత్తను. అనిపించకపోతే రేపు యూనిఫారం. ఏమంటావ్?"

మైకమ్మ తల ఊపింది. బస్టాండు పోయింది. ఈ బడి కూడా పోతే ఆమె గొంతు వినడానికి పప్పుడబ్బాలు తప్ప ఎవరున్నారు? వంటింట్లోకి వెళ్లి కొంగులో ముఖం పెట్టుకుని, పిల్లను మాత్రం వదులుకోను అనుకుంది. పిల్లనా, వినే పిల్లనా అనేది ఆమెకే తెలియదు.

మర్నాడు కాదు, ఆ పూటే నది ఒడ్డు పార్కుకు విహారయాత్ర ఏర్పాటైంది. విహారమన్నది మిగతావాళ్ల మాట. మైకమ్మ దాన్ని క్షేత్ర పాఠం అంది. పళ్లెం మోగింది. అందరూ బయల్దేరారు. ముందు కుక్క, దాని పట్టీ పట్టుకుని పిల్ల, వెనక అరటిపళ్ల సంచితో తండ్రి, ఆ వెనక చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీ చేస్తూ ఆడపడుచు. మైకమ్మ మాత్రం అందరికీ ముందూ పక్కనా వెనకా తానే అయి నడిచింది.

పార్కు గేటు దాటకముందే మూడు శాస్త్రాలు అయిపోయాయి. కుక్క నాలుక ఎందుకు బయట పెడుతుంది, స్తంభం నీడ ఎటు పడింది, ఐస్‌క్రీం బండి చక్రానికి ఊచలెందుకు. కళ్లజోళ్లాయన ఆకలేసి ఒక అరటిపండు ఒలవబోతే, దాన్ని కుక్కతో కలిపి ఐదుగురికి సమంగా పంచమంది. పంచాక ఆయన వాటాకు వచ్చింది తొక్కకంటే పెద్దదేం కాదు. పిల్ల అన్నిటికీ "అవును టీచర్", "ఉష్ణం బయటికి పోవడానికి టీచర్" అని సరిగ్గా జవాబులు చెప్పింది. ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదని ఆడపడుచు గమనించిందో లేదో గానీ, మైకమ్మ గమనించలేదు. జవాబులు వస్తుంటే ప్రశ్నలతో పనేముంది?

"ఇవన్నీ నోటిమాటలమ్మా," అంది ఆడపడుచు. "చేతులతో చేయించేది ఏమైనా ఉందా?"

ఉంది. పార్కు మధ్యలో బాగా లావుపాటి చెట్టు ఒకటి ఉంది. దాని చుట్టుకొలత కొలవాలని మైకమ్మ పథకం. టేపు ఎక్కడ అని చేయి చాపింది. టేపు తేవాల్సింది కళ్లజోళ్లాయన. ఆయన జేబులన్నీ తడిమి, అద్దాలు కొలిచే బెత్తెడు స్కేలు ఒకటి బయటికి తీశాడు.

"దీంతో కొలిస్తే సాయంత్రం అవుతుందేమో టీచరు గారూ," అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ పెదవి విరిచింది. మైకమ్మ చుట్టూ వెతికింది. అప్పుడు ఆమె కళ్లు కుక్క పట్టీ మీద పడ్డాయి. పొడుగ్గా, బలంగా, సాపుగా ఉంది. అవసరం ఉన్న చోట ఉపాయం ఉంటుందని ఆమె ఆ పట్టీని కుక్క మెడ నుంచి విప్పేసింది. ఒక కొస పిల్ల పట్టుకుంది, రెండో కొస పట్టుకుని తండ్రి చెట్టు చుట్టూ తిరిగాడు. కొక్కెం బెరడుకు ఆనుకుని ఉండాలి, వదులుగా పట్టుకుంటే కొలత తప్పుతుందని ఆడపడుచు కూడా వంగి సర్దింది. ఎంత వద్దనుకున్నా ఆవిడ కూడా టీచరే. మైకమ్మ పక్కన నిలబడి, ఒక చుట్టు పూర్తికావడానికి పట్టీకి ఇంకెంత కావాలో ఊహించి చెప్పమంది. నలుగురూ చెట్టుకు ముఖం పెట్టి లెక్కలేశారు. ఆ నలుగురిలో కళ్లజోళ్లు తయారుచేసేవాడు కూడా ఉన్నాడు. కుక్కను చూసినవాడు ఒక్కడూ లేడు.

మిగిలిన జాగాను ఆ స్కేలుతో కొలిస్తే పిల్ల చెప్పిన ఊహ ఇంచుమించు సరిపోయింది. హెడ్మిస్ట్రెస్ కనుబొమలు పైకి లేచాయి. మైకమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"చాలా బాగుంది. ఇప్పుడు మన సారమేయం నడుము చుట్టుకొలత చూద్దాం," అని తిరిగింది.

ఈ వారపు సారమేయం అప్పటికే చల్లగా జారుకుంది.

"ఎవరూ కంగారుపడకండి," అంది మైకమ్మ. "ఇది కూడా ఒక పాఠమే. దిక్కులు నాలుగు, మనం నలుగురం." అని అందరినీ తలో వైపూ పంపింది. పిల్ల పట్టీని గుండెకు హత్తుకుని, చెప్పిన వైపు నడిచింది.

తరవాత ఆ పార్కులో జరిగింది ఆ చుట్టుపక్కల చాలాకాలం చెప్పుకున్నారు. కళ్లజోళ్లాయన పొదల దగ్గర వంగి, "శునకమా, ఓ శునకమా" అని పిలిచాడు. అది పోయిన వారం పేరని గుర్తొచ్చి, "కాదు, జాగిలమా" అన్నాడు. అదీ తప్పే. ఎవరు తప్పిపోయారండీ అని ఒకాయన అడిగితే, "గ్రామసింహం" అన్నాడు. ఆ చుట్టూ ఉన్న బెంచీలు ఖాళీ అయిపోయాయి. ఇంకో పక్క హెడ్మిస్ట్రెస్, "ఎక్కడున్నా వెంటనే వచ్చి నా ముందు నిలబడాలి" అని హుకుం జారీ చేసింది. కుక్క రాలేదు గానీ, బంతాట ఆడుతున్న పిల్లలు వరసలో నిలబడ్డారు.

మైకమ్మ రాతి అరుగు ఎక్కింది. "దయచేసి గమనించండి. గోధుమరంగు, ఒక చెవి వాలిన సారమేయం ఒకటి తప్పిపోయినది. చూసినవారు చెట్టు వద్దకు తీసుకురావలసినదిగా కోరడమైనది." ఆ గొంతు నది అవతలి ఒడ్డు దాకా వెళ్లింది. జనం లేచి వచ్చారు. ఒక పెద్దాయన సంచి చంకన పెట్టుకుని పరుగున వచ్చి, మా ఊరి బస్సు ఎక్కడాగిందమ్మా అని అడిగాడు.

అప్పుడు రోడ్డు వైపు నుంచి లారీ బ్రేకు కీచుమంది. ఎవరో డ్రైవరు గట్టిగా తిట్టాడు.

మైకమ్మ పాఠమంతా ఆ ఒక్క చప్పుడుతో పోయింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసి రోడ్డు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఏమీ లేదు, ఒక సైకిలాయన తిట్లు తింటున్నాడంతే. మళ్లీ వెనక్కి పరుగెత్తింది. పిలవబోతే ఏమని పిలవాలో తెలియలేదు. ఎన్ని పేర్లు పెట్టింది, ఒక్కటీ దానిది కాదు. పార్కు వెనక నీళ్లట్యాంకు దగ్గర, రాలిన ఆకులు పోగేసిన చోట ఆమెకు ఊపిరి అందక కూలబడింది. గొంతు బొంగురుపోయింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, వంటింట్లో మాత్రమే వచ్చే ఆ చిన్న గొంతుతో అంది.

"ఉడతమ్మా, ఎక్కడున్నావే. రావే నా ఉడతమ్మా."

ట్యాంకు కింది బురదలోంచి కుక్క లేచింది. నిలబడ్డ చెవికి ఒక ఆకు అంటుకుని ఉంది. తోక ఆడిస్తూ వచ్చి ఆమె ఒళ్లో పడింది.

"వచ్చానమ్మా."

ఆ మాట పొదల వెనక నుంచి వచ్చింది. పిల్ల రొప్పుకుంటూ, మోకాళ్లకు మట్టితో, చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చి, తల్లి ఒళ్లో కుక్కను చూసి ఆగిపోయింది. చాపిన చేతుల్ని ఏం చేయాలో తెలియక వాటిలో ఉన్న పట్టీని చుట్టసాగింది.

"నన్ననుకున్నాను టీచర్," అంది.

మైకమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఉడతమ్మ అనే పేరు కుక్కది కాదు. మాటలు కూడా సరిగ్గా రాని రోజుల్లో ఈ పిల్ల బిస్కెట్టును రెండు చేతులతో పట్టుకుని కొరుక్కుతింటుంటే తానే పెట్టిన పేరు. నిద్రలేపేటప్పుడూ, జడ వేసేటప్పుడూ, బడి నుంచి రాగానే గుమ్మంలో ఎత్తుకునేటప్పుడూ ఆ పేరే. పళ్లెం మీద గరిటె పడ్డ రోజు నుంచి ఆ పేరుతో పిల్లను ఒక్కసారి కూడా పిలవలేదు. ప్రేమ ఎక్కడికీ పోలేదు, మధ్యాహ్నాలు వంటింట్లో బిస్కెట్టు ముక్కలతో పాటు కుక్కకు పెట్టేసింది. ఆ సంగతి తెలిసి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. పిల్లను దగ్గరికి తీసుకోవాలని చేయి చాపేలోపు ఆడపడుచు ఆయాసపడుతూ వచ్చేసింది.

"కుక్కను పట్టుకుని ఉడత అంటావేంటమ్మా? ఇదేనా నువ్వు చెప్పే సైన్సు?"

"అక్కా, నువ్వు కాసేపు ఊరుకో," అన్నాడు కళ్లజోళ్లాయన. పుట్టి బుద్ధెరిగాక అక్కకు ఎదురుచెప్పడం ఆయనకు అదే మొదలు.

ఇంటిదారిలో ఎవరూ ఏ శాస్త్రమూ మాట్లాడలేదు. స్తంభాల నీడలు వాటి పాటికి అవి పడ్డాయి. ఒంటికాలి చెప్పుతో మైకమ్మ కుంటుతూ నడిచింది. వీధి మలుపులో ఆడపడుచు గొంతు సవరించుకుంది.

"ఒక మాట చెప్పాలి. మా టీచర్లలో ఒక్కరు కూడా పిల్లల్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి కొలిపించరు. పిల్ల ఊహ చూశావా, ఎంత దగ్గరగా చెప్పిందో. నువ్వే గెలిచావ్. ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఈ మాట కోసం మైకమ్మ పొద్దుటి నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. తీరా వచ్చాక ఏం చేసుకోవాలో తెలియలేదు.

గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం అందరూ ఆగారు. ఆగొద్దని చెప్పే ధైర్యం మైకమ్మకు లేకపోయింది.

"విప్పితే పోతుందని నేర్చుకున్నాను," అన్నాడు కళ్లజోళ్లాయన. చాలాకాలం తరవాత ఆయన గుమ్మంలో చెప్పిన నిజం అది.

"పార్కుకు వెళ్లేటప్పుడు బూట్లు వేసుకోవాలని," అంది ఆడపడుచు.

పిల్ల వంతు వచ్చింది. కాలి బొటనవేలితో గడపను గీస్తూ నిలబడింది.

"నేను అత్త వాళ్ల బడికి వెళ్తాను టీచర్."

ఆడపడుచు పిల్ల ముఖంలోకి వంగి చూసింది.

"ఎందుకమ్మా?" అంది మైకమ్మ. "ఇక్కడ బాగాలేదా? రోజంతా అమ్మ దగ్గరే ఉంటానని గంతులేశావుగా."

"అమ్మ లేదుగా," అంది పిల్ల. నిష్ఠూరంగా కాదు, చెట్టు కొలత చెప్పినట్టే చెప్పింది. "టీచరే ఉంది. అక్కడికి వెళ్తే టీచర్లందరూ అక్కడే ఉంటారు. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ ఉంటుంది."

మైకమ్మ తలుపు చట్రం పట్టుకుంది. బస్టాండు వాళ్లు పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపినప్పుడు ఆమె ఏడవలేదు. ఇప్పుడు పిల్ల ఆమె రెండో ఉద్యోగం పీకేసింది, ఈసారి కూడా ఇంటికే పంపింది. గుమ్మంలో నిలబడి అందరి ముందూ ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని ఆడపడుచు వైపు తిరిగింది.

"వదినా, ఆ సీటు ఎవరికీ ఇవ్వకండి."

ఉన్న ఒక్క చెప్పూ విప్పి లోపలికి నడిచింది. భోజనాల బల్ల మీద పళ్లెం, గరిటె పొద్దున పెట్టినట్టే ఉన్నాయి. సాయంత్రపు గంట ఇంకా కొట్టలేదు. ఆ రెండూ తీసి సింకులో వేసి, గుమ్మం వైపు చూసింది.

"రావే, ఉడతమ్మా."

కుక్క ముందుగా దూకింది. పిల్ల గడప మీదే ఆగిపోయింది.

"నన్నేనా?"

"నిన్నేనే."

"మరి దాన్నేమంటావ్?"

మైకమ్మ కుక్క వంక చూసింది. బురద కాళ్లతో ముందుగదంతా తొక్కుతోంది.

"ఇంకేమంటాం, దాని పేరు నువ్వే పెట్టు," అని, గుమ్మం దాకా వెళ్లి పిల్లను గడప ఇవతలికి ఎత్తుకుంది.